పురావస్తు పరిశోధన – స్థానిక ప్రజలు: కృష్ణా లోయ బౌద్ధ స్థలాల అనుభవం

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• పురావస్తు స్థలానికీ, ఆ ఊరి ప్రజలకూ ఉన్న సంబంధం చరిత్రలో ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• అమరావతి, నాగార్జునకొండ తవ్వకాల చరిత్రను పోల్చి విశ్లేషించగలుగుతారు.
• స్థలనామాలు, ఐతిహ్యాలు, కైఫియత్తులు పరిశోధనకు ఎలా ఉపయోగపడతాయో తెలుసుకుంటారు.
• పురావస్తువుల రక్షణకు సంబంధించిన ముఖ్యమైన చట్టాలను గుర్తించగలుగుతారు.
• మీ ఊరిలోని ఒక ప్రాచీన స్థలాన్ని శాస్త్రీయంగా నమోదు చేయగలుగుతారు.

విషయక్రమం

1. ప్రస్తావన
2. స్థూపాలను కట్టినవారు
3. అమరావతి: దిన్నె నుంచి మ్యూజియానికి
4. నాగార్జునకొండ: మునిగిన లోయ
5. ఊరి జ్ఞాపకం: పేర్లు, కథలు, ఆచారాలు
6. చట్టాలు చెప్పేదేమిటి?
7. ఊరిని కలుపుకొన్న పరిశోధన
8. సారాంశం
9. ముఖ్యపదాలు
10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ప్రస్తావన

పురావస్తు శాస్త్రం అనగానే తవ్వకాలు, కొలతలు, నాణేలు, శాసనాలు మనకు గుర్తుకు వస్తాయి. ఆ తవ్వకం జరిగే నేల ఒక ఊరిది. ఆ దిబ్బ మీద ఎవరో పశువులను మేపుతుంటారు, ఎవరో దాని పక్కన సేద్యం చేస్తుంటారు, ఎవరో అక్కడి రాతికి పసుపు రాసి మొక్కుతుంటారు. పరిశోధకుడు వచ్చి, తవ్వి, దొరికిన వస్తువులను తీసుకొని వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు ఇంగ్లీషులో ఒక నివేదిక వెలువడుతుంది. అది ఆ ఊరికి చేరదు. ఊరివారికి మిగిలేది ఒక కంచె, దాని మీద ఒక హెచ్చరిక బోర్డు.

తెలుగు ప్రాంతాలలో గత 200 సంవత్సరాలుగా ఎక్కువగా జరిగింది ఇదే. దీనివల్ల రెండు విధాల నష్టం కలిగింది. తమ నేలలో దొరికిన చరిత్ర తమది అన్న భావన ఊరి ప్రజలకు లేకుండా పోయింది. ఆ భావన లేనిచోట స్థలానికి కాపలా కూడా లేకుండా పోయింది. ప్రభుత్వ శాఖ ఎంత సమర్థమైనదైనా ప్రతి దిబ్బ దగ్గరా ఒక మనిషిని నిలబెట్టలేదు. దిబ్బను రోజూ చూసేది ఆ ఊరివారే. కాబట్టి స్థానిక ప్రజలకు తమ వారసత్వంతో సంబంధం కల్పించడం పరిశోధన అంతా ముగిశాక తీరికగా చేసే ప్రచారం కాదు. పరిశోధనకు ఆధారమైన స్థలం నిలవాలంటే మొదటి నుంచీ చేయవలసిన పని అది.

ఈ పాఠంలో ఈ విషయాన్ని ప్రధానంగా కృష్ణా లోయలోని బౌద్ధ స్థలాల ఆధారంగా పరిశీలిస్తాం. అవసరమైనచోట ఉత్తరాంధ్ర, తెలంగాణ, తమిళనాడు ఉదాహరణలను కూడా తీసుకొంటాం.

2. స్థూపాలను కట్టినవారు

ప్రాచీన కట్టడాలన్నీ రాజులు కట్టించినవే అన్న అభిప్రాయం సామాన్యంగా ఉంది. కృష్ణా లోయ స్థూపాల విషయంలో శాసనాలు వేరే సంగతి చెబుతున్నాయి. అమరావతి మహాచైత్యపు రాతిపలకల మీద చిన్న చిన్న దాన శాసనాలు అనేకం ఉన్నాయి. ఫలానా పలకను, ఫలానా స్తంభాన్ని, ఫలానా వ్యక్తి తన కుటుంబంతో కలిసి ఇచ్చాడని అవి ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెబుతాయి. దాతలలో గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాల వ్యాపారి అయిన గంధికుడు, భిక్షువులు, భిక్షుణులు, సామాన్య స్త్రీలు ఉన్నారు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు విధికుడు చర్మకారుడు. అతడు తన తల్లి, భార్య, సోదరులు మొదలైనవారితో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక పలకను దానం చేశాడు.

భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపి ధాతుకరండాలను బయటపెట్టాడు. వాటి మీది శాసనాలను బ్యూలర్ పరిష్కరించాడు. వాటిలో కుబిరకుడనే రాజు పేరుతో పాటు గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. గోష్ఠి అంటే ఒక సంఘం. నిగమం అంటే వర్తకుల పట్టణ సభ. అంటే ధాతువులను ప్రతిష్ఠించిన కార్యంలో ఊరి పెద్దలు కలిసికట్టుగా పాల్గొన్నారన్నమాట. నాగార్జునకొండ శాసనాలలో ఇక్ష్వాకు రాజవంశపు స్త్రీల దానాలు ప్రముఖంగా ఉన్నాయి. వాటితో పాటు తమలపాకుల వారి శ్రేణి, పిండివంటల వారి శ్రేణి వద్ద శాశ్వత నిధిని ఉంచిన ప్రస్తావన కూడా ఉంది.

దీని నుంచి మనం గ్రహించవలసింది ఏమిటి? ఈ కట్టడాలు ఆనాటి స్థానిక ప్రజలు తమ సంపాదనలో కొంత ఇచ్చి నిలబెట్టుకొన్నవి. ఈనాటి ఊరివారికి ఈ రాళ్లతో ఏమి సంబంధం అని ఎవరైనా అడిగితే, ఈ శాసనాలే మొదటి సమాధానం. ఊరి బడిలో రాజుల పేర్లతో పాటు విధికుని పేరు కూడా చెప్పగలిగితే, స్థూపం పిల్లలకు మరికొంత దగ్గరవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) భట్టిప్రోలు కరండ శాసనాలలో కనిపించే రాజు పేరేమిటి?
ఆ) అమరావతి దాతలలో కనిపించే వివిధ వర్గాలను పేర్కొనండి.

3. అమరావతి: దిన్నె నుంచి మ్యూజియానికి

3.1 దీపాలదిన్నె

ధాన్యకటకంలోని మహాచైత్యం క్రీస్తుపూర్వ శతాబ్దాలలో మొదలై, శాతవాహనుల కాలంలో విస్తరించి, క్రీ.శ. 3వ శతాబ్దం వరకు వైభవంగా వెలిగింది. శ్రీలంకలోని గడలదెనియ వద్ద ఉన్న 1344 నాటి శాసనం ధాన్యకటకంలో జరిగిన ఒక జీర్ణోద్ధరణను ప్రస్తావిస్తుంది. అంటే 14వ శతాబ్దంలో కూడా ఈ క్షేత్రం పేరు సముద్రం అవతలి బౌద్ధులకు తెలుసు. ఆ తరువాత స్థూపం మట్టిలో కూరుకుపోయి ఒక దిబ్బగా మారింది. చుట్టుపక్కల ప్రజలు దానిని దీపాలదిన్నె అని పిలిచేవారు. బుద్ధుని పేరు మరుగున పడింది. పక్కనే ఉన్న అమరేశ్వరాలయం మాత్రం పూజలతో, తిరునాళ్లతో సజీవంగా కొనసాగింది.

18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుంచి అమరావతికి మార్చి కొత్త పట్టణాన్ని కట్టించాడు. పట్టణానికి రాయి, ఇటుక కావలసి వచ్చాయి. దీపాలదిన్నెలో అవి సిద్ధంగా దొరికాయి. పనివారు తవ్విన కొద్దీ చెక్కడపు పలకలు బయటపడ్డాయి. కొన్ని కట్టడాలలో చేరాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. అమరావతి పాలరాయి అని వ్యవహారంలో పిలిచే ఈ రాయి నిజానికి పల్నాటి సున్నపురాయి. సున్నపుబట్టీకి అది చక్కగా పనికివచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పలకలను కాల్చినవారిని అజ్ఞానులని నిందించడం తేలిక. కాని ఆ రాళ్లు ఏమిటో వారికి చెప్పినవారు ఎవరూ లేరు. బౌద్ధం ఆ ప్రాంతంలో వందల ఏళ్ల కిందటే మరుగున పడింది. బ్రాహ్మీ లిపిని ఆనాటికి దేశంలో ఎవరూ చదవలేకపోయేవారు. జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించింది 1837లో. అర్థం తెలియని రాయి అవసరానికి పనికివచ్చే రాయి అయింది.

3.2 మెకంజీ, కైఫియత్తులు

వార్త విని కర్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివరి సంవత్సరాలలో అమరావతికి వచ్చాడు. తిరిగి 1816 తరువాత తన చిత్రకారుల బృందంతో వచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించాడు. ఈ మధ్యకాలంలో దిన్నె నడుమ చెరువు తవ్వడంతో ఎంతో భాగం నాశనమైపోయింది. ఆ తరువాత పోగొట్టుకొన్న అనేక శిల్పాలకు ఆ చిత్రాలే నేడు మనకు మిగిలిన సాక్ష్యం. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

మెకంజీ కృషిలో మన అంశానికి మరింత ముఖ్యమైన భాగం ఇంకొకటి ఉంది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, ఇంకా అనేకమంది దేశీయ సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర ఊరి చరిత్రలను రాయించి సేకరించారు. వీటినే కైఫియత్తులు అంటాం. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యాలు ఎవరివి, ఏ దొర కాలంలో ఏమి జరిగింది అనే సంగతులు వీటిలో ఉంటాయి. చారిత్రక వాస్తవం, ఐతిహ్యం వీటిలో కలిసిపోయి ఉంటాయి కనుక శాసనాలతో సరిపోల్చి వాడుకోవాలి. అయినా ఊరి ప్రజల నోటి మాటను చరిత్ర ఆధారంగా లెక్కలోకి తీసుకొన్న తొలి పెద్ద ప్రయత్నం తెలుగునాట ఇదే.

3.3 తరలింపు

ఆ తరువాతి కథ తరలింపుల కథ. 1830లలో కలెక్టరు రాబర్ట్‌సన్ కొన్ని శిల్పాలను మచిలీపట్నానికి తెప్పించి, కొత్త బజారు కూడలిలో అలంకారంగా నిలబెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపి పలకలను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి చాలాకాలం ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వందకు పైగా శిల్పాలను ఓడలో లండన్‌కు పంపించారు. అక్కడ కూడా వాటిని వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. జేమ్స్ ఫెర్గూసన్ 1867లో వాటిని మళ్లీ గుర్తించి, మరుసటి సంవత్సరం ప్రచురించిన తన గ్రంథంలో వివరించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

అమరావతిలో మిగిలినదానిని 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిన్నె మొత్తాన్ని తవ్వి శుభ్రం చేశారు. 1881–82లో జేమ్స్ బర్జెస్ వచ్చి మిగిలిన శిల్పాలను నమోదు చేసి, చాలావాటిని మద్రాసు మ్యూజియానికి పంపే ఏర్పాటు చేశాడు.

3.4 ఒక వివాదం

ఆ సమయంలోనే ప్రాచీన కట్టడాల క్యూరేటరుగా ఉన్న హెచ్. హెచ్. కోల్ ఒక ముఖ్యమైన అభ్యంతరం లేవదీశాడు. శిల్పాలను వాటి స్థలంలోనే ఉంచి కాపాడాలని, మ్యూజియాలకు కావలసి వస్తే అచ్చులు తీసి నకళ్లు పంపాలని అతడు వాదించాడు. బర్జెస్ దీనికి ఒప్పుకోలేదు. అమరావతిలో ఉంచితే అవి సున్నపుబట్టీల పాలవుతాయని ఎదుటి పక్షం వాదన. ఆనాటి పరిస్థితులలో ఈ రెండో వాదనలోనూ బలం ఉంది. చివరకు తరలింపే గెలిచింది.

ఈ వివాదంలో ఇరుపక్షాల వారూ అధికారులే. అమరావతి ప్రజల అభిప్రాయం ఎవరూ అడిగినట్లు కనిపించదు. రాళ్లను ఊరిలోనే ఉంచి, వాటి విలువను ఊరివారికి తెలియజెప్పి, రక్షణలో వారిని భాగస్వాములను చేయడం అనే మూడో దారి చర్చలోకే రాలేదు. ఫలితంగా నేడు అమరావతి శిల్పాన్ని విస్తృతంగా చూడాలంటే చెన్నైకి గాని లండన్‌కు గాని వెళ్లాలి. అమరావతిలో స్థూపపు పీఠం, కొన్ని పలకలు, పురావస్తు సర్వే శాఖ వారి మ్యూజియం ఉన్నాయి. 2006 జనవరిలో జరిగిన కాలచక్ర ఉత్సవానికి దేశవిదేశాల బౌద్ధులు వచ్చినప్పుడు, తమ ఊరు ప్రపంచంలో ఎవరికి ఎంత ముఖ్యమో స్థానికులలో చాలామందికి కళ్లకు కట్టినట్లు తెలిసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) కైఫియత్తు అంటే ఏమిటి?
ఆ) కోల్, బర్జెస్ అభిప్రాయ భేదాన్ని రెండు వాక్యాలలో రాయండి.

4. నాగార్జునకొండ: మునిగిన లోయ

అమరావతిలో జమీందారు పనివారి గునపం ముందు వచ్చింది, పరిశోధకుడు తరువాత వచ్చాడు. నాగార్జునకొండలో కథ వేరే విధంగా మొదలైంది. నల్లమల కొండల నడుమ, కృష్ణ ఒడ్డున ఉన్న ఈ లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి 1926లో ప్రభుత్వానికి తెలియజేసినవాడు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు. ఆ సమాచారంతో మద్రాసు శాసన విభాగానికి చెందిన రంగస్వామి సరస్వతి వచ్చి స్థలాన్ని పరిశీలించారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇలా వెలుగులోకి వచ్చింది. ఒక బడిపంతులు తాను చూసినదానిని సరైనచోటికి తెలియజేయడం వల్ల దక్షిణ భారత చరిత్రలో ఒక రాజవంశపు అధ్యాయమే విస్తరించింది. ఈ పాఠం చదువుతున్న మీలో ఉపాధ్యాయులైనవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

1927–31 మధ్య ఎ. హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938లో టి. ఎన్. రామచంద్రన్ ఇక్కడ తవ్వకాలు జరిపారు. మహాచైత్యం, విహారాలు, శిల్పాలు, శాంతమూలుని సోదరి శాంతిశ్రీ దాన శాసనాలు బయటపడ్డాయి. ఇంతలో స్వాతంత్ర్యం వచ్చింది. కృష్ణ మీద భారీ ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం జరిగింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోవడం ఖాయమైంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. పాత రాతియుగం నుంచి మధ్యయుగం దాకా ఆ లోయలో మనుషులు నివసించిన ఆనవాళ్లు వందకు పైగా స్థలాలలో దొరికాయి. నదికి అవతలి ఒడ్డున, నల్గొండ జిల్లా ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపారు.

ముఖ్యమైన కట్టడాలను రాయికి రాయి లెక్క వేసి ఊడదీసి, కొండ మీదా, తూర్పు ఒడ్డున అనుపులోనూ తిరిగి కట్టారు. అనుపులో ఇప్పుడు మనం చూసే మెట్ల వేదిక అలా మార్చి కట్టినదే. నీరు నిండాక కొండ ద్వీపమైంది. 1966లో దాని మీద మ్యూజియం వెలిసింది. ముంపు నుంచి పురావస్తువులను కాపాడే పనిలో దేశానికి ఇది గొప్ప అనుభవం. తరువాత శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోని ఆలయాలను తరలించినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించారు. కూడలి సంగమేశ్వరాలయం అలంపురానికి చేరింది అలాగే.

అయితే ఈ ఘనతకు ఇంకో పార్శ్వం ఉంది. లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి గ్రామాలు ఉండేవి. ఆ ఊళ్లు కూడా మునిగాయి. రాళ్లకు సంఖ్యలు వేసి, ఏ రాయి ఎక్కడిదో ఆ రాయిని అక్కడే నిలబెట్టాం. లోయలోని మనుషుల పొలాల పేర్లు, గట్ల పేర్లు, కొలుపులు, పాటలు, ఏ దిబ్బ గురించి ఎవరు ఏమి చెప్పుకొనేవారు అన్న సంగతులు మాత్రం ఆ స్థాయిలో నమోదు కాలేదు. ఆనాటి పురావస్తు శాస్త్రం ఆ పనిని తన బాధ్యతగా భావించలేదు. మెకంజీ కాలంలో కైఫియత్తులు రాయించిన సంప్రదాయం ఉన్న ప్రాంతంలోనే ఇలా జరగడం ఆలోచించవలసిన విషయం. ముంపు గ్రామాల పెద్దలతో మాట్లాడించి ఒక కొత్త కైఫియత్తు రాయించి ఉంటే, లోయలోని మానవ నివాసానికి చివరి అధ్యాయం కూడా మనకు దక్కేది.

నేటికీ పోలవరం వంటి ప్రాజెక్టుల ముంపు ప్రాంతాలకు ఇదే ప్రశ్న వర్తిస్తుంది. కట్టడాన్ని మోసుకొని వెళ్లగలం. దానిని ఎరిగిన మనుషుల జ్ఞాపకాన్ని ఊరు ఖాళీ కాకముందే రాసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
అ) నాగార్జునకొండ వెలుగులోకి రావడంలో స్థానిక ఉపాధ్యాయుని పాత్ర ఏమిటి?
ఆ) ముంపు సందర్భంలో నమోదు చేయవలసిన విషయాలను పేర్కొనండి.

5. ఊరి జ్ఞాపకం: పేర్లు, కథలు, ఆచారాలు

స్థలం చరిత్రను ఊరివారు పూర్తిగా మరచిపోతారనుకోవడం పొరపాటు. అది వేరే రూపంలో నిలిచి ఉంటుంది. దిబ్బ, దిన్నె, పాడు, కోట, గడ్డ వంటి మాటలతో ఉన్న పొలాల పేర్లు పరిశోధకునికి మొదటి సూచనలు. భట్టిప్రోలు స్థూపపు దిబ్బకు విక్రమార్కకోట దిబ్బ అనే పేరుంది. విక్రమార్కునికీ ఆ స్థూపానికీ సంబంధం లేదు. కాని ఆ దిబ్బలో పాత కట్టడం ఉందన్న ఎరుక ఆ పేరులో ఉంది. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరికి పాము పడగలా కనిపించే కొండ వల్ల ఆ పేరు వచ్చింది.

అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ మరొక మంచి ఉదాహరణ. బుద్ధుని కొండ అన్న మాటే బొజ్జన్నకొండ అయిందని పండితుల అభిప్రాయం. బౌద్ధం పోయినా పేరు మిగిలింది. కనుమ పండుగనాడు చుట్టుపక్కల ఊళ్లవారు ఇక్కడికి తీర్థానికి వస్తారు. వచ్చినవారు అక్కడి ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడిగా భావించి దాని మీద రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. దీనివల్ల ప్రాచీన అవశేషాలకు నష్టం కలిగేది. వారసత్వ సంస్థల కార్యకర్తలు, అధికారులు ప్రజలకు స్థల ప్రాముఖ్యాన్ని వివరించి ఈ అలవాటును మాన్పించడానికి కృషి చేశారు. తీర్థాన్ని ఎవరూ ఆపలేదు. అది ఊరి పండుగ. రాళ్లు రువ్వడం మాత్రమే తగ్గింది.

ఈ ఉదాహరణలో ఒక పద్ధతి కనిపిస్తుంది. పరిశోధకుడు ఊరి కథను మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఊరు అతని మాట వినదు. కథను శ్రద్ధగా విని, రాసుకొని, ఆ తరువాత శాసనం ఏమి చెబుతున్నదో వివరిస్తే రెండూ పక్కపక్కన నిలుస్తాయి. ప్రజలు మొక్కే రాతిని వెంటనే తొలగించాలని చూడడం కంటే, పసుపు, నూనె రాయడం వల్ల అక్షరాలు ఎలా పాడవుతాయో చూపించడం ఎక్కువ ఫలితాన్ని ఇస్తుంది.

6. చట్టాలు చెప్పేదేమిటి?

పురావస్తువులకు సంబంధించి ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసిన చట్టాలు కొన్ని ఉన్నాయి.

(1) నిధినిక్షేపాల చట్టం, 1878: నేలలో దాగి ఉండి బయటపడిన, 10 రూపాయలకు మించిన విలువ గల వస్తువును కనుగొన్నవారు కలెక్టరుకు తెలియజేయాలి. హక్కుదారు ఎవరూ లేరని తేలి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, దానిలో మూడు వంతులు కనుగొన్నవారికి, ఒక వంతు స్థల యజమానికి దక్కుతాయి. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. ఈ సంగతి తెలియక, అధికారులు ఊరికే లాక్కొంటారన్న భయంతో చాలామంది నాణేలను రహస్యంగా కరిగిస్తారు. కరిగిన నాణెం బరువు మిగులుతుంది, చరిత్ర మిగలదు.

(2) ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం, 1958: జాతీయ ప్రాముఖ్యం గల స్థలాల రక్షణ దీని కిందికి వస్తుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం.

(3) పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972: 100 సంవత్సరాలకు పైబడిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడాన్ని ఇది నిషేధిస్తుంది.

(4) రాష్ట్ర చట్టాలు: ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నాయి.

వీటితో పాటు రాజ్యాంగంలోని 51ఎ (ఎఫ్) అధికరణం మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని విధిగా పేర్కొంది.

చట్టం ఉన్నా దొంగతనాలు ఆగలేదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం నుంచి అపహరణకు గురైన ఒక శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అది భారత ప్రభుత్వానికి 2016లో తిరిగి అందింది. ఒక శిల్పం ఏ ఊరిదో రుజువు చేయాలంటే పాత ఫోటోలు, కొలతలు, నమోదు పుస్తకాలు కావాలి. నమోదు లేని శిల్పం పోతే అడిగేవారు ఉండరు. అందుకే ఊరిలోని ప్రతి విగ్రహానికీ, శాసనానికీ ఒక ఫోటో, ఒక కొలత ఉండడం చిన్న విషయం కాదు.

మరొక ఇబ్బందిని కూడా గుర్తించాలి. నిషేధిత ప్రాంతంలో ఇల్లు ఉన్న పేద కుటుంబానికి చరిత్ర అంటే గోడ కట్టుకోనివ్వని నోటీసుగానే కనిపిస్తుంది. రక్షణ భారమంతా ఊరు మోస్తూ, గౌరవం, ఉపాధి ఎక్కడో ఉన్న మ్యూజియానికి పోతే ఆ ఊరు చరిత్రను ప్రేమించదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. చట్టాన్ని అమలు చేసేవారు దానికి సమాధానం వెతకాలి.

7. ఊరిని కలుపుకొన్న పరిశోధన

7.1 కొన్ని అనుభవాలు

గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల వద్ద స్థానిక చరిత్రాభిమానులు సేకరించిన నాణేలు పండితుల దృష్టికి వచ్చాయి. పి. వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించి ప్రకటించారు. గోభద, నారన, కంవాయసిరి, సమగోప వంటి శాతవాహనులకు ముందటి పాలకుల పేర్లు, శాతవాహన రాజు చిముకుని పేరు వాటి మీద ఉన్నాయి. శాతవాహనుల ఆరంభం గురించిన చర్చలో తెలంగాణకు కొత్త స్థానాన్ని తెచ్చిన ఆధారాలివి. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు ఆ తరువాత జరిగాయి.

ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రాచీన బౌద్ధ కళా ప్రదర్శనలో చోటు పొందాయి. 2024లో అక్కడ ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు లభించాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఊరిలో కలిగే ఉత్సాహం కొద్దిరోజులే ఉంటుంది. దానిని నిలబెట్టే ఏర్పాటు కావాలి.

ఈ విషయంలో తమిళనాడులోని కీళడి నుంచి నేర్చుకోవలసింది ఉంది. 2015లో తవ్వకాలు మొదలైన ఈ స్థలం నుంచి వస్తువులను వేరే రాష్ట్రానికి తరలించే విషయం వివాదమై న్యాయస్థానం దాకా వెళ్లింది. తవ్వకాలు జరుగుతుండగానే వేలాది ప్రజలు, బడిపిల్లలు వచ్చి గుంటలను చూశారు. చివరకు 2023 మార్చిలో కీళడిలోనే మ్యూజియం ప్రారంభమైంది. 1859లో అమరావతికి దక్కని అవకాశం ఇక్కడ దక్కింది.

7.2 మీరు చేయగలిగిన పని

దూరవిద్యా విద్యార్థులుగా మీకు ఒక అనుకూలత ఉంది. మీలో చాలామంది మీ ఊరిలోనే ఉండి చదువుకొంటున్నారు. ఊరి మనుషులు మీకు తెలుసు. ఈ కింది పద్ధతిలో ఒక స్థలాన్ని నమోదు చేయండి.

(అ) స్థలం వివరాలు: ఊరు, మండలం, సర్వే నంబరు, ఊరి మధ్య నుంచి దూరం, దిక్కు, దిబ్బ సుమారు విస్తీర్ణం రాయండి.
(ఆ) కనిపించేవి: ఇటుకలు, కుండపెంకులు, విరిగిన శిల్పాలు, అక్షరాలున్న రాళ్లు. ఇటుక పొడవు, వెడల్పు, మందం కొలవండి. శాతవాహన కాలపు ఇటుక నేటి ఇటుకకు సుమారు రెట్టింపు పొడవు ఉంటుంది. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు ఉంచండి.
(ఇ) మాట: ముగ్గురు నలుగురు పెద్దలను, వారిలో స్త్రీలు, పశువుల కాపరులు కూడా ఉండేలా చూసి, ఆ స్థలం గురించి అడగండి. దిబ్బను ఎక్కువగా ఎరిగినవారు కాపరులే. వారు చెప్పిన మాటలను వారి మాటల్లోనే రాయండి. మీ అభిప్రాయాన్ని వేరుగా రాయండి.
(ఈ) చేయకూడనివి: తవ్వకండి. వస్తువులను ఇంటికి తీసుకొనిపోకండి. శాసనం మీద సుద్దతో, రంగుతో దిద్దకండి. వస్తువు ఏ పొరలో, దేని పక్కన ఉన్నదో తెలిస్తేనే దాని కాలం చెప్పగలం. దీనినే సందర్భం అంటారు. నేల నుంచి తీసిన క్షణంలో సందర్భం పోతుంది. దానిని మళ్లీ తెచ్చి అతికించలేం.
(ఉ) తెలియజేయడం: రెండు ప్రతులు రాయండి. ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి గ్రామ పంచాయతీకి ఇవ్వండి. ఊరి బడిలో ఒకసారి చదివి వినిపించండి.

చివరిది చాలామంది వదిలేసే పని. సమాచారం పైకి వెళ్లడం ఎంత అవసరమో, తిరిగి ఊరికి చేరడం అంతే అవసరం. మన నివేదికలు తెలుగులో ఉండాలని, తవ్విన ప్రతి ఊరిలో కనీసం ఒక గదిలోనైనా అక్కడి వస్తువుల నకళ్లు, ఫోటోలు, సులభమైన తెలుగు వివరణ ఉండాలని ఈ పాఠ రచయిత అభిప్రాయం. దీనికి పెద్ద నిధులు అక్కర లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 4
అ) సందర్భం అనే మాటను పురావస్తు శాస్త్ర దృష్టితో వివరించండి.
ఆ) స్థలాన్ని నమోదు చేసేటప్పుడు చేయకూడని పనులేవి?

8. సారాంశం

కృష్ణా లోయ స్థూపాలను రాజులతో పాటు వర్తకులు, వృత్తులవారు, స్త్రీలు, భిక్షువులు కలిసి నిర్మించుకొన్నారు. అమరావతిలో స్థలం ప్రాముఖ్యం తెలియక స్థానికంగా కొంత, అధికారుల తరలింపుల వల్ల కొంత స్థూపం చెల్లాచెదురైంది. కోల్ సూచించిన స్థలరక్షణ పద్ధతి ఆనాడు నెగ్గలేదు. నాగార్జునకొండను ఒక ఉపాధ్యాయుని సమాచారం వెలుగులోకి తెచ్చింది. ముంపు సమయంలో కట్టడాలను కాపాడగలిగాం గాని, ఊళ్ల జ్ఞాపకాన్ని ఆ స్థాయిలో కాపాడలేకపోయాం. స్థలనామాలు, కైఫియత్తులు, ఆచారాలు పరిశోధనకు విలువైన సూచనలు. చట్టం అవసరమే గాని, స్థలాన్ని రోజూ చూసే ఊరివారి సహకారం లేనిదే అది చాలదు. ఆ సహకారం కావాలంటే పరిశోధన ఫలితం వారి భాషలో వారి ఊరికి చేరాలి.

9. ముఖ్యపదాలు

కైఫియత్తు: గ్రామ పెద్దలు, కరణాల నుంచి రాయించిన ఊరి చరిత్ర.
ధాతుకరండం: పవిత్ర ధాతువులను భద్రపరచిన పేటిక.
గోష్ఠి: ఒక ఉమ్మడి కార్యం కోసం ఏర్పడిన సంఘం.
నిగమం: వర్తకుల పట్టణ సభ.
శ్రేణి: ఒకే వృత్తివారి సంఘం.
సందర్భం: వస్తువు దొరికిన పొర, స్థానం, దాని చుట్టూ ఉన్న ఇతర వస్తువులతో దానికి గల సంబంధం.
స్థలరక్షణ: అవశేషాలను తరలించకుండా ఉన్నచోటనే కాపాడడం.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అమరావతి మహాచైత్య శిల్పాల తరలింపు చరిత్రను వివరించి, దాని ఫలితాలను చర్చించండి.
2. నాగార్జునకొండ తవ్వకాల సాధనలను, లోపాలను విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దాన శాసనాల ఆధారంగా కృష్ణా లోయ స్థూపాల నిర్మాతలను గురించి రాయండి.
2. నిధినిక్షేపాల చట్టంలోని ముఖ్యాంశాలను పేర్కొనండి.
3. స్థానిక ఆచారాల పట్ల పరిశోధకుడు ఎలా వ్యవహరించాలి? బొజ్జన్నకొండ ఉదాహరణతో వివరించండి.

III. అభ్యాసం
మీ ఊరిలో గాని, పక్క ఊరిలో గాని ఉన్న ఒక దిబ్బ, శాసనం, పాత గుడి లేదా కోటను ఎంచుకొని, 7.2లో చెప్పిన పద్ధతిలో రెండు పుటల కైఫియత్తు రాసి మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలరుకు చూపించండి.